పుష్యంలో కోసిన మల్లె అంట్లు

మల్లె కొమ్మ వంగి నేలను తాకి, ఎవరూ మట్టిలో తొక్కకుండానే తనంతట తాను వేరు పట్టిందనుకోండి. ఆ అంటును తల్లి చెట్టు నుంచి ఎప్పుడు కోసి వేరే చోట నాటాలి? పోయిన వారం మా వీధి చివరి ఇంటాయన ఈ మాట అడగడానికే మా గేటు దగ్గరికి వచ్చాడు. భుజం మీద శాలువా, చేతిలో కొడవలి. బాగా పొద్దెక్కినా చలి తగ్గలేదు.

"ఇప్పుడు కోయకండి. వానలు పడ్డాక చూద్దాం," అన్నాను.

"ఏంది సార్, పూలచెట్టుకు గూడ ముహూర్తం పెడ్తున్నరా?" అని నవ్వాడు.

పెడుతున్నాననే చెప్పాను. మా పాలమూరు నేలల్లో మల్లెకు చలి పడదు. మార్గశిరం నుంచి మాఘం దాకా ఆకు పచ్చగానే కనబడుతుంది కానీ లోపల వేరు కదలదు. నేలను తాకిన కొమ్మకు పుట్టే వేళ్ళు నూలుపోగుల్లా ఉంటాయి. అవి మట్టిని పట్టుకుంటాయే గాని కొమ్మను పోషించలేవు. కొమ్మ తాగేదంతా ఇంకా తల్లి నుంచే. మృగశిర వానలకు కొత్త చిగురు వేశాక, తల్లికీ పిల్లకూ మధ్య కొమ్మను సగం దాకా కోసి వదిలేయాలి. ఆ చిగురు వాడకుండా నిలబడితే ఆరుద్ర కార్తెలో ముసురు పట్టిన రోజు చూసి పూర్తిగా కోసి, మట్టిగడ్డతో సహా ఎత్తి నాటాలి. పైన నీడ కట్టాలి. ఉత్త నీళ్ళు పోయాలి, అవి కూడా కొద్దికొద్దిగా. నీళ్ళు తప్ప మరేదీ పోయకూడదు.

ఆయన అంతా విని తల ఊపి వెళ్ళాడు. కోశాడో ఆగాడో నాకు తెలియదు. ఉత్త నీళ్ళు అని నేను అంత గట్టిగా ఎందుకు అన్నానో మాత్రం అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి కూడా కాదేమో. గేటు దగ్గర నిలబడి చెప్పే సంగతి కాదది.

గద్వాలలో మాది నేత ఇల్లు. రెండో యుద్ధం నడుస్తున్న రోజులు. నూలు దొరకడం గగనమైపోయింది. నాకు అప్పటికి మీసాలు వచ్చాయి, నాయినతో పాటు మగ్గం మీద కూర్చునేవాణ్ణి. ఇంట్లో నాయిన, అమ్మ, నేను, మా మేనత్త. మేనత్త నాయినకు అక్క. అమరచింతకు ఇచ్చి చేశారు. పిల్లలు పుట్టకముందే భర్త పోయాడు. ఆ తర్వాత అత్తింట్లో మరిది మగ్గాలకు నూలు కండెలు చుట్టడానికి ఆమె పనికివచ్చింది గాని మనుషుల లెక్కలో లేదు. పడక మేకల కొట్టంలో. జ్వరం వచ్చినా రాట్నం ఆగకూడదు. ఒకనాడు కట్టుబట్టలతో పుట్టి ఎక్కి కృష్ణ దాటి మా గడపలోకి వచ్చి కూర్చుంది. మళ్ళీ పంపకండని నాయినను బతిమాలుకుంది.

మా పెరట్లో పాత మల్లె పొద ఒకటి ఉండేది. ఎవరు నాటారో తెలియదు. అత్త వచ్చాక దాన్ని కత్తిరించి, పాదు తీసి, ఎండాకాలంలో వీధికంతా సరిపోయేంతగా పూయించింది. అయితే భర్త పోయిన మనిషి చేతి నుంచి ముత్తైదువలు పూలు తీసుకోరు. అందుకని మొగ్గలు కోసి కట్టేది అత్త, గడప దగ్గర నిలబడి మూర కొలిచి ఇచ్చేది అమ్మ. ఆ పూలు ఎవరి చేతులు కట్టాయో వీధిలో అందరికీ తెలుసు. ఇచ్చే చేయి అమ్మదైతే చాలు, ఎవరికీ పట్టింపు లేదు.

"నీ పూలకు నా చెయ్యి కిరాయికి వెట్టినట్టున్నది వదినె," అనేది అమ్మ.

"కిరాయి ఇస్తున్న గద పిల్లా. దినాం ఒక మూర నీ కొప్పుల వెడ్తలేనా?" అనేది అత్త.

వాళ్ళిద్దరి మధ్య అంతకంటే మెత్తని మాటలు నేను వినలేదు. అమ్మది కరుకు నోరు. కానీ పూల మీద వచ్చినదానితో అత్త తన జొన్నలు తాను కొనుక్కునేది, ఎండాకాలంలో మిగిల్చి వానాకాలం దాకా ఈడ్చేది. అందువల్ల అమ్మ నోరు ఒక హద్దు దాటేది కాదు.

ఆ సంవత్సరం కార్తీకంలో అమరచింత నుంచి అత్త మరిది వచ్చాడు. మా మగ్గం ఖాళీగా ఉండడం చూశాడు. అరుగు మీద కూర్చుని, తమలపాకుకు సున్నం రాస్తూ, తీరిగ్గా మొదలుపెట్టాడు.

"ఇంక ఎన్ని దినాలు వదినె, తమ్ముని నెత్తి మీద?"

"నా కూడు నేను తింటున్న," అంది అత్త లోపలి నుంచి.

"పూలు పూసేది ఎండకాలమేనాయె. చలికాలం ఏం తింటవు? ఆకులు నములుతవా?"

అమ్మ నవ్వు ఆపుకుంది. నాయిన మాత్రం తల వంచుకున్నాడు. నూలు లేని మగ్గం ముందు మరో నోటిని పోషిస్తానని ఎలా చెబుతాడు? చివరికి అన్నాడు: "ఈ ఎండకాలం రానియ్యి బావా. చెట్టు పూసి ఆమె తిండి ఆమెకు ఎల్తె ఈడనే ఉంటది. లేకుంటె నేనే తోల్కొచ్చి మీ గడపల దించుత."

"మాటేనా?"

"మాటే."

అతను పోయాక అత్త నన్ను పెరట్లోకి పిలిచింది. పొద చుట్టూ వంగిన పొడుగు కొమ్మలు కొన్ని నేలను తాకి, అక్కడే మట్టిలో కూరుకుపోయి ఉన్నాయి. వాటిని ఎవరూ తొక్కలేదు. మేము పడుగు నూలు చాపి గంజి పట్టించిన ప్రతిసారీ కుండలు కడిగిన నీళ్ళు ఆ పెరటి వాలులోకే పారేవి. ఆ నీళ్ళు మట్టిని తెచ్చి కొమ్మల మీద కప్పాయి. అత్త ఒక కొమ్మను వేలితో మెల్లగా లాగింది. అది రాలేదు.

"పట్టుకున్నది చూసినవా? మృగశిరల గోడ వెంట వరుసగ పెడ్త. ఒక్క చెట్టుకు నేను గిట్ల బతికితె, గన్ని చెట్లకు ఎట్ల బతుకుతనో చూడు," అంది. ఆమె గొంతులో అంత సంతోషం నేను ఎన్నడూ వినలేదు.

మార్గశిరంలో మా వీధిలో ఎలుకలు చచ్చి పడడం మొదలైంది. మొదట మూల ఇంటి ధాన్యం గుమ్మి పక్కన, తర్వాత మా పక్కింటి దూలం మీది నుంచి. ఎలుక పడిందంటే ప్లేగు వచ్చిందనే. దండోరా వేశారు, వీధి ఖాళీ చేయాలని. మేము మగ్గం విప్పి, ఉన్న కొద్దిపాటి నూలూ గిన్నెలూ మూటగట్టుకుని, మానవపాడు పోయే బాటన ఒక రైతు బీడులో జొన్నచొప్పతో గుడిసె వేసుకున్నాం. వీధి వీధంతా అక్కడే. చలిగాలి చొప్ప సందుల్లోంచి నేరుగా వంటి మీదికి వచ్చేది. వచ్చిన కొత్తలోనే రెండు గుడిసెల్లో మనుషులు పోయారు. చంకలో గడ్డ కనబడితే ఆ గుడిసె వైపు ఎవరూ చూసేవారు కాదు.

పుష్యంలో ఒక మాట పాకింది. సఫాయి వాళ్ళు ఇళ్ళ పెంకులు దించి, నేల తవ్వి, పెరళ్ళు చదును చేస్తున్నారట. పొద కింద ఎలుకబొక్క కనబడితే పొదను కూడా నరికి కాల్చేస్తున్నారట. మా వెనక వీధిలో ఒకరి గోరింట పొదను అప్పటికే కాల్చారు.

అత్త ఆ రోజు అన్నం ముట్టలేదు.

"నాటే కాలం గాదురా ఇది. అయినా నాకు ఇంకొక కాలం ఏడున్నది?" అంది నాతో.

మర్నాడు నేను, అత్త ఊళ్ళోకి పోయాం. వీధి మొదట్లో ఒక జవాను కంబళి కప్పుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏడికమ్మా? ఎవ్వరు పోవొద్దు."

"పెరట్ల మల్లెచెట్టు ఉన్నది సామీ. నాలుగు అంట్లు కోస్కొని వస్త."

"పాణాలు పోతున్నయంటె పూలంటవేంది? జర తెలివున్నదా?"

"నా పాణం గా చెట్టు మీదనే ఉన్నది. కొట్టంల పడి సచ్చుడు కంటె గడ్డ లేసి సచ్చుడు నయ్యం."

జవాను ఆమెను ఒకసారి పైకీ కిందకీ చూశాడు. "జల్దీ రా. ఇంట్లకు పోవొద్దు, పెరట్లకేనే. పరేషాన్ చెయ్యకు," అని పక్కకు జరిగాడు.

పెరట్లో నేల గట్టిపడి ఉంది. గంజినీళ్ళు పారక చాలా రోజులైంది, మంచు తప్ప తడి లేదు. అత్త కొడవలితో ఒక్కో కొమ్మను తల్లి దగ్గర కోసింది. నేను చుట్టూ పారతో లేపాను. తడి ఉంటే మట్టి గడ్డగా లేచేది. పొడి మట్టి పొడిపొడిగా రాలిపోయి, వేళ్ళు ఉత్తవే చేతికి వచ్చాయి. కొన్ని తెగిపోయాయి. అత్త తన చీర కొంగు చింపి, కుండలో తెచ్చిన నీళ్ళలో ముంచి వాటికి చుట్టింది. వచ్చేటప్పుడు తల్లి పొద మొదట్లో చేయి ఆనించి ఒక్క నిమిషం కూర్చుంది. నేను తొందరపెట్టలేదు.

గుడిసెకు గాలి తగలని వైపు గుంతలు తీసి నాటాం. నేను చొప్పతో నీడ కట్టాను. పక్క గుడిసెల వాళ్ళు వచ్చి చూశారు. "మనుషులు పోతుంటె ఈమె తోట వెడ్తున్నది," అని ఒకామె మూతి తిప్పింది. మరొకామె, "బతికితె నాకొక పిలక ఇయ్యి అక్కా," అంది.

అప్పుడు నాయిన వచ్చి చూసి చెప్పిన సలహా ఒకటుంది. నేతగాళ్ళకు తప్ప మరొకరికి తట్టని సలహా.

"గంజి పొయ్యి అక్కా. పుట్టిన కాడికెల్లి గంజి మీద వెరిగిన చెట్టు. ఉత్త నీళ్ళు దానికి సయించవు."

అందరికీ అది నిజమే అనిపించింది, నాకు కూడా. మా కళ్ళ ముందే ఆ పొద ఏళ్ళ తరబడి గంజినీళ్ళతో బతికింది. తల్లి పొద వేళ్ళు పెరడంతా పాకి ఉన్నాయని, కుండలు కడిగిన నీళ్ళలో గంజి పేరుకే ఉండేదని, అది కూడా వాలులో పారిపోయేదని మేమెవరం ఆలోచించలేదు. ఇక్కడ గుంతలు చిన్నవి. బీడు నేల నల్లమట్టి, పోసింది పోసినట్టే నిలబడుతుంది. పైగా చలి.

ఉన్న నూలుతో నాయిన ఒక చిన్న పడుగు చాపాడు. మిగిలిన గంజి అంతా అంట్లకే పోయింది. ఆ తర్వాత తాగే గంజిలోంచి అత్త తన వంతు తగ్గించుకుని పోసింది. ఆ రోజుల్లో మాకు పొద్దున అదే తిండి. అమ్మకు కోపం వచ్చింది.

"మనుషులు తాగే గంజి మట్టిల పోస్తవా? నీ చెట్లు తిని, మేము ఎండాల్నా?"

"నా వంతే పోస్తున్న. నీది ముట్టలే."

"నీ వంతు నువ్వు తాగకుంటె పడిపోతవు. పడిపోతె మోసేదెవ్వరు?"

రెండు రోజులు మాటలు లేవు. మూడో నాడు పొద్దున్నే నేను చొప్ప సరిచేద్దామని గుడిసె పక్కకు పోతే అమ్మ అక్కడ వంగి ఉంది. తన ముంతలో గంజి సగం ఒక గుంతలో పోసి, మిగతా సగం పక్క గుంతలో పోస్తోంది. నన్ను చూసి, "ఏందట్ల చూస్తవు? పొగాసన వచ్చింది, పారబోస్తున్న," అంది. ఆ గంజి మాడలేదు. నేను తాగినదీ అదే కుండలోది.

అత్త అంట్లకు చిగురు వచ్చింది. గోరంత లేత ఆకు, రెండు మూడు కొమ్మలకు. అత్త గుడిసె గుడిసెకూ పోయి చెప్పింది. వాకిట్లో నిప్పుల కుంపటి పక్కన చేతులు కాచుకుంటూ నాయినతో, "తమ్మీ, ఆ అమరచింత మనిషికి కబురు పంపు. ఎండకాలం నన్ను తోల్కపోనీకి వస్తె మూర పూలు చేతుల వెట్టి పంపుత అని చెప్పు," అని నవ్వింది. రోజూ నాలుగు ముక్కలు రాసుకునే అలవాటు నాకు ఆ గుడిసెలోనే మొదలైంది. ఆ నాడు "అత్త చెట్లకు చిగురు" అని రాసుకున్నాను.

కోసిన కొమ్మలో నిలవ ఉన్న సత్తువతోనే చిగురు రావచ్చునని, దాని కింద వేరు ఉందో లేదో చిగురు చెప్పదని నాకు అప్పుడు తెలియదు. అత్తకు కూడా తెలిసి ఉండదు. తెలిసినా ఆమె నమ్మేది కాదు.

శివరాత్రి పోయింది. గాలి మారి, మధ్యాహ్నం ఎండకు నేల వేడెక్కడం మొదలైంది. ఒకనాడు చిగుళ్ళు వాలిపోయాయి. అత్త ఇంకొంచెం గంజి పోసింది. మర్నాటికి ఆకులు నల్లబడ్డాయి. మొదట్లో తెల్లటి బూజు, పుల్లటి వాసన. మట్టి కదిపితే చెదలు. గంజి రుచి మరిగిన చెదలు కొమ్మ బెరడును చుట్టూ కొరుక్కుతిన్నాయి. అత్త ఒక అంటును పట్టుకుని లాగింది. ఏ పట్టూ లేకుండా చేతికి వచ్చేసింది. కింద వేళ్ళు లేవు, గోధుమరంగు జిగురు మాత్రం ఉంది. ఒకదాని తర్వాత ఒకటి అన్నీ అలాగే లాగి, వరుసగా నేల మీద పెట్టింది. ఏడవలేదు. చేతిని మాత్రం చాలాసేపు మట్టిలో రుద్దుకుంది, వాసన పోవడానికి.

అమ్మ గుడిసె లోపలే ఉండిపోయింది. ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

ఫాల్గుణంలో వీధికి తిరిగి వచ్చాం. పెరడు అరచేయిలా చదునుగా ఉంది. పొద ఉన్న చోట గుంత తవ్వి సున్నం పోసి పూడ్చారు. మాకు తెలిసిందే అయినా నలుగురం వెనక తలుపు దగ్గర నిలబడిపోయాం.

ఎండాకాలం మొదట్లో అత్త మరిది బండి కట్టుకుని వచ్చాడు. నాయిన దించే దాకా ఆగలేదు. ఏమీ అడగకుండా పెరట్లోకి పోయి చూసి వచ్చి, "మంచిగనే చదును చేసిండ్రు. ఆడ పడుగు చాపుకోవచ్చు బావా," అన్నాడు.

అమ్మ ఒక్కసారిగా అందుకుంది. "ఉండనియ్యి అన్నా. సగం తిని ఉంటం. మా ఇంట్లనే ఉంటది."

అంత మాట అమ్మ నోటి నుంచి వస్తుందని ఎవరూ అనుకోలేదు. నాయిన ఆమె ముఖం చూశాడు. ఇచ్చిన మాట ఒక వైపు, ఖాళీ మగ్గం ఇంకొక వైపు. ఆయన ఉండమంటాడేమోనని నేను ఎదురుచూశాను. అత్త కూడా చూసిందనుకుంటాను. ఆమె మూట పట్టుకుని గడప దాటకుండా కొంచెంసేపు నిలబడింది.

"ఎందుకు పిల్లా," అంది చివరికి అమ్మతో. "దేంట్ల సగం? ఉన్నదే సగం."

బండి ఎక్కింది.

తర్వాత కొన్నేళ్ళకు నేను నేత వదిలి ఆత్మకూరులో ఒక బట్టల దుకాణంలో గుమాస్తాగా కుదిరాను. దుకాణం వెనక మల్లె పొద ఉంది. దాని కొమ్మ ఒకటి తనంతట తాను నేల పట్టుకుంది. ఆ సంవత్సరం నేను దాన్ని ముట్టకుండా రోజూ చూశాను. వానలు పడి చిగురు వేశాక సగం కోశాను. ఆరుద్రలో, సన్నని ముసురు పడుతుండగా పూర్తిగా కోసి, మట్టిగడ్డ చెదరకుండా పాత కుండలో పెట్టాను. ఆదివారం దాన్ని ఎత్తుకుని నడిచి అమరచింత పోయాను.

అత్త మేకల కొట్టం ముందు చూరు కింద కూర్చుని కండెలు చుడుతోంది. మనిషి సగమైంది. నన్ను గుర్తుపట్టడానికి కొంత సమయం పట్టింది. ముందు అమ్మ ఎట్లున్నదని, తర్వాత నాయిన ఎట్లున్నడని అడిగింది. తర్వాత కుండను దగ్గరికి లాక్కుని గోటితో మట్టి గీకి చూసింది. తెల్లటి వేళ్ళు కనబడ్డాయి.

"ఎన్నడు కోసినవు?"

"ఆరుద్రల అత్తా. మృగశిరల సగం కోసి పెట్టిన."

"ఏం పోసినవు?"

"ఉత్త నీళ్ళే."

తల ఊపింది. "బతుకుతది," అంది.

"గా గోడ వెంట నాటుదం. గుంత నేను తీస్త," అని లేచాను.

ఆమె నా చేయి పట్టుకుని ఆపింది. లోపల మగ్గాలు ఆడుతున్నాయి. అటు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "బతుకుతదనే వద్దంటున్న కొడుకా. ఈడ పూస్తె వీళ్ళ పూలైతయి. కోసేది గూడ నేనే గావాలె, కట్టేది గూడ నేనే. ఈ కండెలకు తోడు అదొకటి." కుండను నా వైపు నెట్టింది. "తీస్కపో. వాన వెలవకముందే ఏడన్న నాటు. రేపటిదాక ఉంచకు, వేరు ఎండుతది."

ఇంకా ఏదో చెప్పబోయాను. లోపలి నుంచి ఎవరో కండెలకు కేక వేశారు. అత్త రాట్నం వైపు తిరిగింది. నేను కుండను మళ్ళీ చంకన పెట్టుకుని ముసురులోనే ఆత్మకూరు బాట పట్టాను.